కజ్జికాయ అంచు, తూటా అంచు

కుక్కర్ గాస్కెట్ గురించీ, చలికాలంలో పెరుగు తోడుకోకపోవడం గురించీ రాసుకునే ఈ శీర్షికలోకి తుపాకీ తూటా ఎక్కడినుంచి వచ్చిందని మీరు అనుకోవచ్చు. నేనూ రాస్తాననుకోలేదు. కానీ అమెరికాలో ఉన్న మనవాళ్ళలో సరదాకి షూటింగ్ రేంజికి వెళ్ళేవాళ్ళు ఇప్పుడు కొత్తేమీ కాదు. అలా వెళ్ళేవాళ్ళలో కొందరు, కాల్చేసిన తూటాల ఇత్తడి గుల్లలు ఏరుకొచ్చి ఇంట్లోనే మళ్ళీ నింపుకుంటున్నారు. దాన్ని రీలోడింగ్ అంటారు. టెక్సాస్‌లో ఉండే మా బావగారు ఈ వ్యాపకంలో పడి ఏడాది కావస్తోంది.

మా అక్క ఫోన్ చేసి మూడు ప్రశ్నలు వేసింది. "గరాజ్‌లో కూర్చుని 'క్రింప్ సరిగ్గా పడటం లేదు' అని ఒకటే గొణుగుడే. ఆ క్రింప్ అంటే ఏంటో నువ్వు కనుక్కుని చెప్పు, సైన్సు చదివావుగా. చిన్నది ఎప్పుడు చూసినా ఆ గరాజ్‌లోకే పరిగెడుతోంది, దానికేమైనా ప్రమాదమా? డిసెంబర్లో ఇండియా వచ్చేటప్పుడు పిల్లలందరికీ ఖాళీ తూటాలతో కీచైన్లు చేసి తెస్తానంటున్నారు, తేవచ్చా?"

డిగ్రీలో నేను చదివిన ఎం.పి.సి. ఇలా పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. మూడింటికీ జవాబులు వెతికాను. మన పాఠకుల ఇళ్ళలో ఇంకెవరికైనా అవసరం పడుతుందని ఇక్కడ రాస్తున్నాను. తూటాలు నింపడం నేర్పే వ్యాసం కాదిది. అది నేర్చుకోవాలంటే అచ్చైన లోడింగ్ మాన్యువల్స్ ఉన్నాయి, అనుభవమున్న పెద్దవాళ్ళు ఉన్నారు. ఇంట్లో ఒకరు ఆ పని చేస్తుంటే మిగతావాళ్ళకి తెలియాల్సినంత మాత్రం చెప్తాను.

తూటాలో ఏముంటుంది?

మనం తూటా, బుల్లెట్ అనే మాటల్ని ఒకే అర్థంలో వాడేస్తాం. ఇక్కడ విడదీసుకుందాం. మొత్తం వస్తువు తూటా. దాని కొసన ఉండి దూసుకుపోయే ముక్క మాత్రమే బుల్లెట్. అది చాలావరకు సీసం, పైన రాగి పూత ఉంటుంది. తూటాలో నాలుగు భాగాలు: ఇత్తడి గుల్ల, దాని అడుగున బొత్తాం లాంటి ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన బుల్లెట్. తుపాకీలోని పిన్ను ప్రైమర్‌ని కొడుతుంది. ప్రైమర్ మంట చిమ్ముతుంది. మందు అంటుకుని వాయువుగా మారుతుంది. ఆ ఒత్తిడికి బుల్లెట్ మూతిలోంచి ఊడి గొట్టం వెంట వెళ్ళిపోతుంది. మిగిలేది గుల్ల.

ఈ గుల్లకి వాడే ఇత్తడిలో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. లోహశాస్త్రంలో దీని పేరే కార్ట్రిడ్జ్ బ్రాస్. ఇది బాగా సాగుతుంది, సాగాక కొంత వెనక్కి ముడుచుకుంటుంది కూడా. తుపాకీ పేలినప్పుడు గుల్ల ఉబ్బి, చుట్టూ ఉన్న ఉక్కు గోడకి అతుక్కుపోయి, వేడి వాయువు వెనక్కి తన్నకుండా ఆపుతుంది. ఒత్తిడి తగ్గగానే కొంచెం ముడుచుకుంటుంది కాబట్టి తేలిగ్గా బయటికి వచ్చేస్తుంది. తూటాలో ఖరీదైన భాగం గుల్లే. అది మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది కనకనే రీలోడింగ్ అనే వ్యాపకం పుట్టింది. ఈ వెనక్కి ముడుచుకునే గుణాన్ని గుర్తుపెట్టుకోండి, బావగారి గొణుగుడికి జవాబు అందులోనే ఉంది.

అన్ని తూటాలనీ ఇలా నింపలేరు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ గుర్తుందా? 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో జట్టుతో స్వర్ణం, విడిగా రజతం తెచ్చింది. ఆ పోటీలో వాడేది పాయింట్ 22 తూటా. అందులో ప్రైమర్ విడిగా ఉండదు, ఆ మందు గుల్ల అడుగు అంచులోనే కలిసి ఉంటుంది. పిన్ను తగిలిన చోట అంచు నొక్కుకుపోతుంది కాబట్టి ఒకసారి కాల్చాక గుల్ల పారెయ్యాల్సిందే. ఇంట్లో నింపేవి నడిమధ్యన విడి ప్రైమర్ ఉన్న తూటాలు.

ఇక క్రింప్ అంటే

నింపే వరస ఇలా ఉంటుంది. గుల్లని శుభ్రం చేసి, పగుళ్ళున్నాయేమో చూసి, ప్రెస్‌లో పెట్టి మళ్ళీ అసలు కొలతకి తెస్తారు. పాత ప్రైమర్ తీసేసి కొత్తది పెడతారు. బుల్లెట్ దిగడానికి వీలుగా మూతిని బూర నోరులా వెంట్రుకవాసి విప్పుతారు. మందు తూచి పోస్తారు. బుల్లెట్‌ని నిలువుగా కూర్చోబెట్టి లోపలికి దింపుతారు. చివర్లో, విప్పిన మూతిని మళ్ళీ లోపలికి నొక్కుతారు. ఈ నొక్కుడే క్రింప్.

మనకి కొత్తదేం కాదు. కజ్జికాయ చేసేటప్పుడు లోపల కొబ్బరీ బెల్లం పెట్టి, అంచులు కలిపి నొక్కి, సన్నగా మడతలు వేసుకుంటూ పోతాం చూడండి, అదీ క్రింపే. కూల్‌డ్రింక్ సీసా ఇనుప మూత చుట్టూ ఉండే ముడతలు, ఇంజక్షన్ సీసా మెడ చుట్టూ అల్యూమినియం పట్టీ, అన్నీ ఇదే పని. వేటకి వాడే షాట్‌గన్ తూటాలో అయితే చిన్న గుళ్ళు బయటికి రాకుండా ప్లాస్టిక్ గొట్టం మూతిని ఆరో ఎనిమిదో మడతలతో నక్షత్రంలా మూసేస్తారు. అది చూస్తే అచ్చం మన పిండివంటే గుర్తొస్తుంది.

కానీ ఒక తేడా ఉంది, అదే అసలు సంగతి. కజ్జికాయలో మొత్తం పట్టంతా అంచుదే. అంచు విడితే పూర్ణం నూనెపాలు. పిస్టల్ తూటాలో అలా కాదు. గుల్ల లోపలి కొలత బుల్లెట్ కన్నా రవ్వంత తక్కువ ఉంటుంది కాబట్టి, బుల్లెట్‌ని పట్టుకుని ఉంచేది మెడ భాగం పొడవునా గోడ పెట్టే బిగింపు. దాన్ని నెక్ టెన్షన్ అంటారు. బిగుతు గాజు మణికట్టుని పట్టుకున్నట్టు. మూతి దగ్గర క్రింప్ ఆ బిగింపుకి తోడు మాత్రమే. చాలామంది కొత్తవాళ్ళు, మా బావగారితో సహా, అంచే బుల్లెట్‌ని పట్టుకుంటుందనుకుంటారు.

పిస్టల్‌కి ఒకటి, రివాల్వర్‌కి ఒకటి

క్రింప్ రెండు రకాలు. 9 మిల్లీమీటర్ల తూటా, పాయింట్ 45 ఏసీపీ లాంటివి ఆటోమేటిక్ పిస్టళ్ళలో వాడేవి. రెండూ 20వ శతాబ్దం మొదటి ఏళ్ళలో పుట్టాయి, మొదటిది జార్జ్ లూగర్ చేతిలో, రెండోది జాన్ బ్రౌనింగ్ చేతిలో. వీటి గుల్ల అడుగున బయటికి పొడుచుకొచ్చే అంచు ఉండదు. మరి తూటా తుపాకీలో ఎంత లోతుకి దిగాలో ఎలా తెలుస్తుంది? గుల్ల మూతి వెళ్ళి లోపలున్న చిన్న మెట్టుకి ఆనుకుని ఆగుతుంది. అంటే మూతి అంచు కనబడి తీరాలి. దాన్ని పూర్తిగా లోపలికి చుట్టేస్తే తూటా ఆగాల్సిన చోట ఆగదు. అందుకని వీటికి వేసేది టేపర్ క్రింప్. మూతిని లోపలికి మడవరు, విప్పిన నోరుని తిన్నగా చేసి వదిలేస్తారు.

లెక్క చూడండి, ఇంటర్ ల్యాబ్‌లో వెర్నియర్ పట్టుకున్న ఎవరికైనా అర్థమవుతుంది. 9 మిల్లీమీటర్ల తూటాలో బుల్లెట్ వ్యాసం 9.02 మి.మీ. మూతి దగ్గర ఇత్తడి గోడ మందం దాదాపు 0.28. రెండువైపులా కలిపితే 0.56. మొత్తం 9.58. అమెరికా ప్రమాణాల ప్రకారం మూతి వ్యాసం 9.65 దాటకూడదు. అంటే నోరు విప్పినది మూసుకుంటే చాలు, పని అయిపోయినట్టే. అంతకన్నా బాగా కిందికి పోయిందంటే ఇత్తడి బుల్లెట్‌లోకి దిగబడుతోందని అర్థం.

రివాల్వర్ తూటాల సంగతి వేరు. పాయింట్ 38 స్పెషల్, పాయింట్ 357 మాగ్నమ్, పాయింట్ 44 మాగ్నమ్ లాంటి వాటికి అడుగున అంచు ఉంటుంది, ఆ అంచే తూటాని ఆపుతుంది. కాబట్టి మూతిని స్వేచ్ఛగా లోపలికి చుట్టొచ్చు. బుల్లెట్ చుట్టూ ముందే చేసి ఉన్న గాడిలోకి ఆ అంచు చక్కగా కూర్చుంటుంది. దీన్ని రోల్ క్రింప్ అంటారు. వీటికి అంత గట్టి నొక్కుడు ఎందుకంటే, ఒక తూటా పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నుతుంది. చక్రంలో ఉన్న మిగతా గుల్లలు దాంతోపాటు వెనక్కి లాగబడతాయి. లోపలున్న బరువైన బుల్లెట్ మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. బస్సు ఒక్కసారి ముందుకి కదిలితే నిలబడ్డవాళ్ళు వెనక్కి తూలినట్టే, అదే జడత్వం. నొక్కుడు చాలకపోతే బుల్లెట్ కొంచెం కొంచెంగా బయటికి జరిగి, చక్రం తిరగకుండా అడ్డం పడుతుంది.

ఆటోమేటిక్ పిస్టల్‌లో ప్రమాదం దీనికి తలకిందులు. తూటా మ్యాగజైన్లోంచి పైకి వచ్చేటప్పుడు బుల్లెట్ ముక్కు ఉక్కు వాలుకి గుద్దుకుంటుంది. పట్టు లేకపోతే బుల్లెట్ గుల్లలోకి వెనక్కి జరుగుతుంది. లోపలి ఖాళీ తగ్గిపోతుంది. అదే మందు తక్కువ చోటులో మండితే ఒత్తిడి బాగా పెరుగుతుంది. 9 మిల్లీమీటర్ల గుల్ల అసలే చిన్నది, కొద్దిపాటి జరుగుడికే తేడా వచ్చేస్తుంది. తుపాకీ పగిలేదాకా, చేతికి గాయమయ్యేదాకా వెళ్ళొచ్చు. అక్కకి భయపడాల్సిన విషయం ఏదైనా ఉందంటే మొదటిది ఇదే.

ఎంత బిగిస్తే అంత వదులు

శనివారం సాయంత్రం మా రియాద్‌లో ఆరు, వాళ్ళకి పొద్దున పది. వీడియో కాల్‌లో బావగారు తూటా చూపించారు. "చూడమ్మా, బొటనవేలితో నొక్కితే బుల్లెట్ లోపలికి పోతోంది. డై ఇంకొంచెం బిగించాను, ఇంకొంచెం బిగించాను, బిగించేకొద్దీ ఇంకా వదులవుతోంది. ఇదేం విచిత్రం?"

"మూతి దగ్గర కొలత ఎంత వస్తోంది బావగారూ?" అని అడిగాను. 9.50 కన్నా తక్కువే చూపించింది ఆయన కాలిపర్.

విచిత్రమేమీ లేదు. ఇత్తడి, సీసం రెండింటినీ కలిపి గట్టిగా నొక్కారనుకోండి. వదలగానే ఇత్తడి కొంచెం వెనక్కి లేస్తుంది. సీసానికి ఆ గుణం దాదాపు లేదు, నొక్కిన చోట నొక్కినట్టే ఉండిపోతుంది. పూరీ పిండి ముద్ద మీద స్టీలు గరిటె అదిమి తీస్తే గుంట పిండికే మిగిలినట్టు. బుల్లెట్ సన్నబడుతుంది, గుల్ల వెనక్కి వస్తుంది, మధ్యలో సందు మిగులుతుంది. ఎక్కువ నొక్కితే పట్టు పెరగదు, పోతుంది. అంతటితో ఆగదు. రాగి పూత తెగొచ్చు, గుల్ల నడుము దగ్గర ఉబ్బొచ్చు, మెట్టుకి ఆనాల్సిన మూతి జారి లోపలికి పోవచ్చు.

మరి మొదట వదులెందుకు వచ్చింది? అది వెనకటి మెట్లలో జరిగిన పని. బావగారు మూతిని అవసరానికి మించి విప్పుతున్నారు, విప్పే పనిముట్టు చాలా లోతుకి దిగుతోంది. పైగా రేంజిలో ఏరుకొచ్చినవి రకరకాల కంపెనీల గుల్లలు, కొన్నిటి గోడ పలచన. మెడలో బిగింపు లేనప్పుడు మూతి మీద ఎంత కోపం చూపించినా లాభం లేదు. గుల్లల్ని కంపెనీల వారీగా వేరుచేసి, నోరు తక్కువ విప్పి, డైని వెనక్కి తిప్పేసరికి బొటనవేలి నొక్కుడికి బుల్లెట్ కదలడం మానేసింది. బుల్లెట్ దించడం, క్రింప్ వెయ్యడం ఒకే దెబ్బలో కాకుండా రెండు వేరు డైలతో చెయ్యడం కూడా మంచిదని అనుభవజ్ఞులు చెప్తారు. ఒకేసారి చేస్తే, బుల్లెట్ ఇంకా కిందికి దిగుతుండగానే మూతి మూసుకుని దాని ఒంటిని గీకేస్తుంది. ఆ వదులు తూటాల్ని ఆయన కాల్చలేదు, సుత్తిలాంటి పుల్లర్‌తో విప్పేశారు. అన్నిటికన్నా నాకు నచ్చినది అదే.

చిన్నదాని సంగతి: సీసం

అక్క రెండో ప్రశ్నకి జవాబు క్రింప్ కన్నా ముఖ్యం. ఇంట్లో చిన్నపిల్లలుంటే పేలుడు కన్నా రోజువారీ ప్రమాదం సీసపు దుమ్ము. అది కంటికి కనబడదు, వాసన రాదు.

బుల్లెట్ సీసమని అందరికీ తెలుసు. ప్రైమర్లో కూడా సాధారణంగా లెడ్ స్టిఫ్నేట్ అనే సీసం లవణం ఉంటుందని చాలామందికి తెలియదు. కాల్చాక ఆ మసి గుల్ల లోపలే ఉండిపోతుంది. దాన్ని శుభ్రం చెయ్యడానికి మొక్కజొన్న కండెల పొట్టులోనో వాల్‌నట్ చిప్పల పొడిలోనో వేసి గంటల తరబడి యంత్రంలో గిలకొడతారు. ఆ పొట్టు దులిపినప్పుడు లేచేదే అసలు దుమ్ము. అది చేతులకీ, చొక్కాకీ, చెప్పులకీ అంటుకుని హాల్లోకి వస్తుంది. పాకే పిల్లలు, నోట్లో వేళ్ళు పెట్టుకునే పిల్లలు నేలమీదే కదా ఉండేది!

నోట్లోకి వెళ్ళిన సీసాన్ని చిన్నపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకన్నా 4, 5 రెట్లు ఎక్కువ పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అది ఎదిగే మెదడుని దెబ్బతీస్తుంది. ఇంత వరకు పరవాలేదు అనే మోతాదు ఏదీ లేదు. అమెరికాలో సీడీసీ 2021లో పిల్లల రక్తంలో హెచ్చరిక గీతని డెసిలీటరుకి 5 మైక్రోగ్రాముల నుంచి 3.5కి దించింది.

అందుకని అక్కకి ఇలా చెప్పాను. గరాజ్ తలుపుకి చిన్నదానికి అందనంత ఎత్తులో గడియ పెట్టించు. గుల్లలు కడగడం నీళ్ళతో చెయ్యమను, పొడి పొట్టు వద్దు. ఆ నీళ్ళు వంటింటి సింకులో పొయ్యొద్దు. ఆ గిన్నెలూ గరిటెలూ మళ్ళీ వంటకి రాకూడదు. ఆ బల్ల దగ్గర కాఫీ తాగడం, మిక్స్చర్ తినడం బంద్. పనయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకున్నాకే పిల్లని ఎత్తుకోవాలి. ఆ చొక్కా విడిగా ఉతకాలి. నేల చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవాలి. పిల్లల డాక్టరుకి విషయం చెప్పి ఒకసారి రక్తపరీక్ష చేయించు. మందు, ప్రైమర్లు కొన్న డబ్బాల్లోనే, తాళం వేసిన బీరువాలో ఉండాలి. ఇవన్నీ బావగారి ముందే చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు, "రక్తపరీక్ష నాకు కూడా చేయించాలేమో" అన్నారు. నిజమే, చేయించాలి.

వీసా ఉన్నవాళ్ళు జాగ్రత్త

ఇంకో మాట అమెరికాలోని మన పాఠకులకి ప్రత్యేకంగా. సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి అక్కడి కేంద్ర చట్టం కింద లైసెన్సు అక్కర్లేదు. అమ్మాలంటే కావాలి. కానీ హెచ్1బి, హెచ్4, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద వెళ్ళినవాళ్ళకి తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడమే సాధారణంగా నిషేధం. వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అదే చట్టంలో తూటా అనే మాటకిచ్చిన అర్థంలో ఇత్తడి గుల్ల, ప్రైమర్, బుల్లెట్, మందు విడివిడిగా కూడా చేరి ఉన్నాయి. అంటే "పూర్తి తూటా కాదుగా, విడి భాగాలేగా" అనే మాట నిలవదు. మా బావగారికి గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి ఆయనకి ఈ చిక్కు లేదు. ఆయన దగ్గర నేర్చుకుంటానని వచ్చే ఎఫ్1 కుర్రాళ్ళు మాత్రం ముందు లాయర్ని అడగాలి.

మన సౌదీలో

ఇక్కడ మనకి ఆ ప్రశ్నే లేదు. సౌదీలో ఆయుధాలు, తూటాల చట్టం 1426 హిజ్రీలో, అంటే 2005లో, రాజశాసనంగా వచ్చింది. లైసెన్సు లేకుండా తూటాలు ఉంచుకోవడం, తయారు చెయ్యడం రెండూ నేరమే. ఇంట్లో కూర్చుని నింపుకునే వ్యాపకానికి ఇక్కడ చోటు లేదు.

అలాగని తుపాకులు కనబడవని కాదు. రియాద్‌కి ఉత్తరాన మల్హమ్‌లో జరిగే డేగలు, వేట ప్రదర్శనకి మేమూ పిల్లల్ని తీసుకుని వెళ్ళాం. డేగల్ని చూద్దామని వెళ్తే మా పదేళ్ళవాడి కళ్ళన్నీ తుపాకుల హాలు మీదే. అక్కడ లైసెన్సు ఉన్న సౌదీలు పద్ధతిగా కొనుక్కుంటారు. మనం చూసి, ఒంటెపాల ఐస్‌క్రీం తిని ఇంటికి రావడమే.

చలికాలం తుమామా వైపు ఇసుకలో క్యాంపింగ్‌కి వెళ్ళే కుటుంబాలు ఒకటి గమనించాలి. ఎప్పుడో ఎవరో వదిలేసిన ఎర్ర ప్లాస్టిక్ గొట్టాలు, ఇత్తడి గుల్లలు పిల్లలకి దొరుకుతుంటాయి. వాడేసిన షాట్‌గన్ గొట్టమైతే మూతి తెరుచుకుని ఉంటుంది, నక్షత్రం మడతల గీతలు మాత్రం మిగులుతాయి. నక్షత్రం మూసుకునే ఉన్నా, ఇత్తడి మూతిలో బుల్లెట్ కనబడుతున్నా అది కాలనిదే అనుకోవాలి. ప్రైమర్ మీద పిన్ను గుంట ఉన్నా సరే, పేలక మిగిలిపోయినది కావచ్చు. ముట్టుకోకుండా పిల్లల్ని దూరంగా తీసుకెళ్ళి పోలీసులకి చెప్పాలి. ఖాళీది దొరికినా కారులోకి రానివ్వకండి. కారులోకి వచ్చినది పిల్లల బ్యాగులోకి, ఆ బ్యాగు వేసవి సెలవులకి విమానంలోకి వెళ్తుంది.

కీచైన్ తేవచ్చా?

వద్దు. ఒక్కటి కూడా వద్దు. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా కలిగి ఉండటం నేరం. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష రెండేళ్ళకి తక్కువ కాకుండా అయిదేళ్ళ వరకు జైలు, జరిమానా. తూటా నిర్వచనంలో దాని భాగాలు కూడా ఉన్నాయి.

కోర్టులు కఠినంగా మాత్రమే చూస్తాయని కాదు. తన దగ్గర ఆ వస్తువు ఉందని తెలిసి ఉండాలి, అప్పుడే అది నేరమవుతుందని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న విడి భాగాలకి చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. సంచిలో ఒంటరి తూటా దొరికిన ప్రయాణికుల కేసుల్ని హైకోర్టులు కొట్టేసిన సందర్భాలున్నాయి. కానీ ఆ తీర్పు వచ్చేది ఎప్పటికి? ఎక్స్‌రేలో గుల్ల కనబడిన నిమిషం నుంచీ స్టేషను, ల్యాబ్ రిపోర్టు, లాయరు, వాయిదాలు. మూడు వారాల సెలవు మీద వచ్చినవాళ్ళకి ఉద్యోగం, వీసా, తిరుగు టికెట్టు అన్నీ దారంమీద వేలాడతాయి. పైగా మన కీచైన్‌లో గుల్ల ఉందని మనకి తెలుసు. తెలియక వచ్చిందనే వాదన కూడా మనకి మిగలదు.

అందుకే రేంజికి వెళ్ళే సంచినీ ప్రయాణపు సంచినీ ఎప్పుడూ వేరుగా ఉంచాలి. ప్రయాణానికి ముందు ప్రతి జేబూ, సంచి అడుగు అట్టా ఎత్తి చూసుకోవాలి. జాకెట్ జేబులు, పిల్లల పెన్సిల్ బాక్సులు కూడా. ఒకళ్ళు సర్దితే ఇంకొకళ్ళు చూడాలి. సౌదీ నుంచి బయల్దేరినా, సౌదీ మీదుగా మారినా ఇదే పద్ధతి.

మా బావగారు కీచైన్ల ఆలోచన మానుకున్నారు. మావాడికి మాత్రం పెదనాన్న మీద కాస్త అలక, దానికి బదులు మంచి వెర్నియర్ కాలిపర్ ఒకటి తెస్తానని ఆయన మాటిచ్చారు. అది విమానంలో ఎవరినీ ఇబ్బంది పెట్టదు, రేపు ఇంటర్ ల్యాబ్‌లో పనికొస్తుంది. లగేజీలోనే వెయ్యమన్నాను, చేతిసంచిలో వద్దని.

వచ్చే నెల మళ్ళీ వంటింట్లోకే వెళ్దాం. ఇక్కడి ఉప్పునీటిని మంచినీటిగా మార్చి పంపుతారు కదా, ఆ నీళ్ళతో పప్పు ఉడికే తీరులో తేడా ఉంటుందా అని జుబైల్ నుంచి ఒకావిడ అడిగారు. అంతవరకు సెలవు.